ఎక్కడికీ వెళ్ళని మనిషికి వీడ్కోలు

ఈ సభకి అధ్యక్షత వహిస్తున్న మన నాటక సమితి ప్రెసిడెంట్ చక్రపాణి గారికి, ముఖ్య అతిథిగా షామ్‌బర్గ్ నుంచి పొద్దున్నే ఫ్లైట్ పట్టుకుని వచ్చిన డాక్టర్ గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకి, వెనక వరసల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్న స్నేహితులకి, తెర వెనకాల నిలబడి వింటున్న మా వాళ్ళకి, మెడలో దండతో, భుజాల మీద శాలువాతో, ఇంతసేపటి నుంచీ ఒక్క ముక్క అర్థం కాకపోయినా నిటారుగా కూర్చున్న గ్లెబ్ సెర్గేయెవిచ్ లగుతిన్ గారికి నమస్కారం.

నా పేరు పూజిత. నేను లైట్లు అద్దెకిచ్చే కంపెనీలో పనిచేస్తాను. వారమంతా వేర్‌హౌస్‌లో ట్రక్కులు లోడ్ చేస్తాను, శని ఆదివారాలు మన సమితి నాటకాలకి లైట్లు వేస్తాను. కాలేజీకి పోలేదు. ఈ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, వైర్లు పట్టుకుని షాకులు తిని నేర్చుకున్నాను. ప్రసంగాలు రావు. ఇది రాసుకుని వచ్చాను, ఎందుకంటే రాసుకోకపోతే నోటికొచ్చిందల్లా మాట్లాడతానని మా ధనమ్మ ఆంటీకి భయం. రాసుకున్నా అదే మాట్లాడతాను, కాకపోతే ఒక వరసలో ఉంటుంది. (నవ్వులు)

ముందు ఒక మాట. ఆహ్వానంలో వీడ్కోలు సభ అని వేశారు. లగుతిన్ సార్ ఎక్కడికీ వెళ్ళట్లేదు. జెర్సీ సిటీలో కూతురి అపార్ట్‌మెంట్‌లోనే ఉంటారు, రేపు కూడా అదే షాపులో నల్ల రొట్టె కొనుక్కుంటారు, అదే బెంచీ మీద కూర్చుని నది అవతలి బిల్డింగుల్ని తిట్టుకుంటారు. ఆయన రిటైరైన మాట నిజమే, కానీ రిటైరైంది తను పనిచేసే ఒపెరా కంపెనీ నుంచి. మన దగ్గర రిటైరవుతున్నానని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ సంగతి ఆయనక్కూడా మన వాట్సాప్ గ్రూపులోనే తెలిసింది. తెలుగు చదవడం రాదు కాబట్టి, తన ఫోటో చుట్టూ బంతిపూల బోర్డర్ చూసి, నాకు ఫోన్ చేసి, నేను చచ్చిపోయానా అని అడిగారు. (నవ్వులు)

నేనూ నవ్వాను. తర్వాత దాని కిందే వచ్చిన ఇంకో పోస్టర్ చదివి చెప్పాల్సి వచ్చింది. అది మన నాటకం పోస్టర్. ఇంకో మూడు వారాల్లో ఆడబోయే ‘కోటగుమ్మం’. ఏడాది పైగా ఆ నాటకాన్ని లైను లైనుగా తయారుచేసింది ఈయన. పాత పోస్టర్‌లో దర్శకత్వం గ్లెబ్ లగుతిన్ అని ఉండేది. కొత్త దాంట్లో దర్శకత్వం చక్రపాణి అని ఉంది. ఈ శాలువా ఎందుకు కప్పారో ఈ హాల్లో అందరికీ తెలుసు. ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళు తెలియనట్టు మాట్లాడారు. నేను తెలిసినట్టు మాట్లాడతాను. తేడా అంతే.

చక్రపాణి అంకుల్, మీరు వాచీ చూసుకోనక్కర్లేదు, ఆయన కెరీర్ గురించే చెప్తాను, నన్ను పిలిచింది అందుకే.

డాక్టర్ గారు ఈయన్ని రష్యాలో పేరుమోసిన దర్శకుడు అన్నారు. అంత లేదు సార్. ఉరల్ కొండల పక్కన పెర్మ్ అనే ఊళ్ళో పుట్టారు. వాళ్ళ అమ్మ అక్కడి ఒపెరాలో ప్రాంప్టర్. అంటే పాడేవాళ్ళు మాట మరిచిపోతే అందించే మనిషి. స్టేజీ ముందంచున, నేలలోకి దిగిన చిన్న గూడులాంటి పెట్టెలో కూర్చుని, తల మాత్రం పైకి పెట్టి, తర్వాతి మాట తర్వాతి మాట అందిస్తూ ఉండాలి. ఇంట్లో చూసుకునేవాళ్ళు లేక కొడుకుని కూడా ఆ గూట్లోనే పక్కన కూర్చోబెట్టుకునేది. అంచేత ఈయన ఒపెరా అని మొట్టమొదట చూసింది చెప్పులు. రాజుల బూట్లు, రాణుల చెప్పులు, కోరస్ వాళ్ళ అరిగిపోయిన మడమలు. మొహాలు కనిపించేవి కావు. ఎవరు నిజంగా ఏడుస్తున్నారో ఎవరు అరుస్తున్నారో పాదాలు చూసి చెప్పేవాణ్ణని ఆయన అంటారు. నమ్ముతారో లేదో మీ ఇష్టం, నాకైతే రిహార్సల్‌లో చాలాసార్లు భయమేసింది.

తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో దర్శకత్వం చదివారు, సైబీరియాలో ఒక ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, సొంతంగా మూడో నాలుగో ఒపెరాలు చేశారు. అందులో ఒకదాంట్లో, ఊరంతా కలిసి పాడే చోట, కోరస్ మొత్తాన్ని ప్రేక్షకులకి వీపు పెట్టి నిలబెట్టారట. పెద్ద ఆఫీసర్లు కూర్చునే బాక్సుకి కూడా వీపే కనిపించింది. రెండో ఆటతో దాన్ని ఎత్తేశారు. ఎందుకలా నిలబెట్టారు, కోపమా అని అడిగాను నేను, నాకు అలాంటివి వినడం ఇష్టం కాబట్టి. కాదట. ఆ పాటలో వాళ్ళంతా తగలబడుతున్న ఊరిని చూస్తున్నారు, ఊరు వెనక ఉంది, మరి ఎటు తిరగాలి అన్నారు. ఆయన చేసింది అంతే. చూసినవాళ్ళకి మాత్రం ఇంకేదో కనిపించింది.

తొంభైల మొదట్లో ఒక బృందంతో అమెరికా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మొదట బ్రూక్లిన్‌లో సోఫాలు మోశారు. సోఫాలు మోయడం గురించి ఆయన చాలా బాగా మాట్లాడతారు, ఒపెరా గురించి కంటే బాగా. తర్వాత నది అవతల ఒక పెద్ద ఒపెరా కంపెనీలో అసిస్టెంట్‌గా చేరారు. మొన్నటి దాకా, దాదాపు ముప్ఫై ఏళ్ళు, అక్కడే.

ఆ ఉద్యోగం ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మన అనౌన్సర్ గారు దాన్ని స్టేజ్ డైరెక్టర్ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడ ఒక ఒపెరా కొత్తగా కట్టేటప్పుడు ఎక్కడి నుంచో పెద్ద పేరున్న దర్శకుడు వస్తాడు, చేస్తాడు, పేపర్లో ఫోటో పడుతుంది, వెళ్ళిపోతాడు. ఆ సెట్లు ఆ బట్టలు కంటైనర్లలోకి పోతాయి. నాలుగైదేళ్ళకి మళ్ళీ అదే ప్రదర్శన బయటికి తీస్తారు. పాడేవాళ్ళు వేరు, దర్శకుడు ఎక్కడో ఉంటాడు, ఒక్కోసారి ఈ లోకంలోనే ఉండడు. అప్పుడు ఎవరు ఏ మాట దగ్గర తల తిప్పాలో, ఏ మెట్టు మీద ఆగాలో, కత్తి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళాలో, అన్నీ మొదటి దర్శకుడు పెట్టినట్టే మళ్ళీ నిలబెట్టే మనిషి ఒకడు కావాలి. ఆ మనిషి లగుతిన్ సార్. ప్రోగ్రామ్ పుస్తకంలో చివరి పేజీలో, పార్కింగ్ వివరాలకి కొంచెం పైన, ఆయన పేరు ఉంటుంది. కళ్ళజోడు ఉంటే కనిపిస్తుంది.

ఒక కథ చెప్తాను. ఒక ఒపెరాలో స్టేజీకి ఓ పక్కన ఖాళీ కుర్చీ ఉండేది. దాన్లో ఎవరూ కూర్చోరు. మళ్ళీ మళ్ళీ ఆడినప్పుడల్లా సార్ ఆ కుర్చీని అదే చోట పెట్టించారు. చనిపోయిన తండ్రికి గుర్తు అని పేపర్లో రాశారు, పాడే ఆవిడ ఆ కుర్చీ వైపు చూసి ఏడవడం మొదలుపెట్టింది, జనం కూడా ఏడ్చారు. చాలా ఏళ్ళకి మొదటి దర్శకుడు చూడ్డానికి వచ్చి, ఆట అయ్యాక, ఇంతకీ ఆ కుర్చీ ఏంటి అని అడిగాడట. (నవ్వులు) అది కార్పెంటర్ కుర్చీ. మొట్టమొదటి రోజు భోజనానికి వెళ్తూ అక్కడ వదిలేశాడు. సార్‌కి ఆ సంగతి మొదటి నుంచీ తెలుసు.

మీరు నవ్వుతున్నారు, నాకైతే విన్నప్పుడు ఒళ్ళు మండింది. తెలిసి తెలిసి అన్నేళ్ళు ఎవడో మరిచిపోయిన కుర్చీని ఎందుకు మోశారు, తీసి పారేయొచ్చు కదా అని అరిచాను. ఆయన చాలా నెమ్మదిగా చెప్పారు, అది నా ఇల్లు కాదు, వేరేవాళ్ళ ఇంట్లో నేను కుర్చీలు జరపను అని.

అదీ ఈయన కెరీర్. అమెరికాలో ఇన్నేళ్ళలో తన సొంతం అని చెప్పుకునే ప్రదర్శన ఒక్కటి చేయలేదు. ఒక్కటి కూడా. ‘కోటగుమ్మం’ మొదటిది. ఇందాక పోస్టర్ సంగతి అంత విడమర్చి ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

(కాస్త ఆగి) సార్ సైగ చేస్తున్నారు. గొంతుతో కాదు, పొట్టలోంచి మాట్లాడమంటున్నారు. సరే సార్.

మన దగ్గరికి ఎలా వచ్చారంటే, దామోదర్ అంకుల్‌ది, సార్ వాళ్ళది ఒకటే బిల్డింగ్. దామోదర్ అంకుల్ అంటే మన నాటకంలో హీరో, బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో మేనేజర్, ఇంట్లో పద్యం ఎత్తుకుంటే పిల్లల క్లాసులకి డిస్టర్బ్ అని వాళ్ళావిడ సుధ ఆంటీ తరిమేస్తే కింద లాండ్రీ రూమ్‌లో డ్రయ్యర్ల మధ్య నిలబడి ప్రాక్టీస్ చేసేవారు. కాదంటారా అంకుల్? అదిగో, తలూపుతున్నారు. ఒకరోజు బట్టల బుట్టతో ఒక తెల్లజుట్టు పెద్దాయన వచ్చి, మెషీన్ ఆగిపోయినా బట్టలు తీయకుండా పద్యం అయ్యేదాకా నిలబడి, నీ ఊపిరి బాగుంది, నీ కాళ్ళు అబద్ధం చెప్తున్నాయి అన్నారట. దామోదర్ అంకుల్‌కి కోపం వచ్చింది, వారం తర్వాత తనే వెళ్ళి సార్ తలుపు తట్టారు.

మొదటి రిహార్సల్ నాకు గుర్తుంది, ఈ స్టేజీ మీదే. మన వాళ్ళంతా మెట్ల దగ్గర బూట్లు విప్పి, స్టేజీకి చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుని, సాక్సులతో పైకి ఎక్కారు. సార్ ఆ బూట్ల కుప్ప చూసి, నేలకి రంగేశారా, ఇంకా ఆరలేదా అని నన్ను అడిగారు. (నవ్వులు) స్టేజీ అంటే మాకు గుడితో సమానం, చెప్పులతో ఎక్కం అని చక్రపాణి అంకుల్ చెప్పారు. చెప్పులు లేకపోతే నడక లేదు, నడక లేకపోతే మనిషి లేడు, నాకు మొదటి రోజు నుంచీ పాత్ర చెప్పులు కావాలి అని ఆయన. ఇద్దరూ స్టేజీకి మర్యాద ఇస్తున్నారు, ఇద్దరికీ ఎదుటివాడు పొగరుబోతులా కనిపిస్తున్నాడు. ఆ రోజు పని జరగలేదు. మర్నాడు ధనమ్మ ఆంటీ, మన బట్టలు కుట్టే ఆంటీ, ఎవర్నీ అడక్కుండా, అందరికీ కొత్త జోళ్ళు తెప్పించి, వాటిని నేల మీద పెట్టకుండా పెట్టెలోనే స్టేజీ మీదికి మోసుకొచ్చి, ఇవి రోడ్డు తొక్కలేదు, ఇక తొక్కవు, వేసుకోండి అన్నారు. అయిపోయింది. ఆ జోళ్ళు ఇప్పటికీ ఈ పక్క గదిలోనే ఉంటాయి, వాటిని వేసుకుని ఎవరూ బాత్రూమ్‌కి కూడా వెళ్ళరు.

సార్ మంచివాడు, సౌమ్యుడు అని ఎవరో అన్నారు. సౌమ్యుడు కాదు. మొదటి ఏడాది నా పేరు ఆయనకి తెలీదు, దీపం అని పిలిచేవారు. నేను మూడు రోజులు కష్టపడి లైట్లు పెడితే చూసి, తెరని చాలా అందంగా చూపించావు, మనిషి ఎక్కడ అన్నారు. ఏడుపొచ్చింది, నిచ్చెన తన్నేసి వెళ్ళిపోదామనుకున్నాను. వెళ్ళలేదు, ఎందుకంటే మనిషి నిజంగానే కనిపించట్లేదు. ఆయనతో పనిచేస్తే సంతోషంగా ఉండదు. పని అవుతుంది. నాకు ఈ రెండోది చాలు.

ఇప్పుడు అసలు సంగతి.

‘కోటగుమ్మం’ రాసింది చక్రపాణి అంకుల్. మారువేషంలో వచ్చిన సొంత రాజుని కోటలోకి రానివ్వని కాపలావాడి కథ. చాలా ఏళ్ళు రాశారు. వాళ్ళ నాన్నగారు తెనాలి వైపు నాటకాల్లో హార్మోనియం వాయించేవారట, ఆయనకి అంకితం ఇచ్చారు. అందరికీ ఇచ్చిన పుస్తకానికి మొదటి పేజీలో పైన ఓంకారం, కింద నాన్నగారి ఫోటో. పద్యాలు బాగుంటాయి. ఇది మర్యాదకి చెప్పట్లేదు, నాకు సగం నోటికి వచ్చు.

ఆ శనివారం మధ్యాహ్నం రిహార్సల్‌లో దామోదర్ అంకుల్‌కి ఆఫీస్ నుంచి కాల్ వచ్చింది, ఏదో సర్వర్ పడిపోయిందని. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో పుస్తకం, మధ్యలో పుస్తకం జారి స్టేజీ మీద పడింది. సార్ వెంటనే, కూర్చో, అన్నారు. దామోదర్ అంకుల్‌కి అర్థం కాలేదు. సార్ దేశంలో థియేటర్ల వాళ్ళకి ఒక పట్టింపు ఉంది. నాటకం పుస్తకం చేతిలోంచి పడిందంటే ఆ నాటకమే పడిపోతుందని. దాన్ని అలా ఎత్తకూడదు, ముందు దాని మీద కూర్చుని, తర్వాతే ఎత్తాలి. ఎంత పెద్ద గాయకుడైనా, పట్టు గౌను వేసుకున్న ఆవిడైనా, ఉన్నచోటే కూర్చోవాల్సిందే.

మనకేమో పుస్తకానికి కాలు తగిలితేనే గుండె జల్లుమంటుంది. దామోదర్ అంకుల్ పుస్తకం ఎత్తి కళ్ళకద్దుకోబోయారు. కూర్చోకుండా ఎత్తేశాడు, ఇక నాటకం పోయినట్టే అని సార్ ఆయన చేతిలోంచి లాక్కుని, నేల మీద పెట్టి, డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు వంగని మనిషి, కుర్చీ పట్టుకుని మెల్లగా దిగి, తనే దాని మీద కూర్చున్నారు. మొదటి పేజీ పైకి ఉంది.

నేను పైన నిచ్చెన మీద ఉన్నాను, అన్నీ కనిపిస్తున్నాయి. సార్ మొహంలో నిశ్చింత. చక్రపాణి అంకుల్ మొహం నేను చెప్పలేను. సార్‌కి ఇప్పుడు లేవడం చేతకావట్లేదు, ఒక్కరూ కదలరు. ధనమ్మ ఆంటీ కుట్టు మిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చారు. రోజూ రెండు పూటలా దీపం పెట్టే ఆంటీ. ఆయనకి చెయ్యిచ్చి లేపారు, పుస్తకం తీసి కొంగుతో తుడిచి కళ్ళకద్దుకున్నారు, చక్రపాణి అంకుల్ చేతిలో పెట్టారు.

“ఆయన పద్ధతి ఆయన చేశాడు, మన పద్ధతి నేను చేశాను. చెల్లుకు చెల్లు. ఇక పని చూడండి నాయనా.”

చెల్లిపోయేదే. కానీ ఈషాన్, చక్రపాణి అంకుల్ వాళ్ళబ్బాయి, రిహార్సల్ రీల్స్ తీస్తున్నాడు. వాడి తప్పేం లేదు, ఫన్నీగా ఉందని పెట్టాడు. ఆ వీడియోలో పుస్తకం పడటం లేదు, ధనమ్మ ఆంటీ లేరు, కూర్చోవడం ఒక్కటే ఉంది. సాయంత్రానికి ఎక్కడో కాలిఫోర్నియాలో, శాన్ రామన్‌లో ఎవరెవరి ఆంటీలో చూసేశారు. మన సంస్కృతి మీద కూర్చున్న తెల్లవాడు అని ఒకాయన రాశారు. ఆయన కొత్త కారు కొన్నప్పుడు నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించిన ఫోటో కూడా అదే గ్రూపులో ఉంది, కొంచెం పైకి వెళ్తే కనిపిస్తుంది. (నవ్వులు)

కమిటీ సార్‌ని పిలిపించింది. నేను మధ్యలో కూర్చుని తర్జుమా చేశాను. నాది వేర్‌హౌస్ ఇంగ్లీషు, ఆయనది రష్యా ఇంగ్లీషు, అయినా ఆ రోజు ఎవరూ ఎవర్నీ తప్పుగా అర్థం చేసుకోలేదు. చక్రపాణి అంకుల్ ఒక్క మాట అన్నారు, అది నేనిక్కడ చెప్పకపోతే అన్యాయం.

“నా నెత్తిమీద కూర్చున్నా ఊరుకునేవాణ్ణమ్మా. మా నాన్న మీద కూర్చున్నాడు.”

నేను ఇంగ్లీషులో చెప్పాను. సార్ లేచి నిలబడ్డారు. పుస్తకం అడిగి తీసుకుని, ఆ ఫోటో చాలాసేపు చూసి, ఈయన హార్మోనియం వాయించేవాడా అని అడిగి, క్షమాపణ చెప్పారు, ఫోటోకి, మీకు కాదు అంకుల్. ఫోటో ఉందని నేను చూడలేదు, చూసి ఉంటే వెనక్కి తిప్పి కూర్చునేవాణ్ణి అన్నారు. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు కమిటీలో ఒకరు, కూర్చున్నందుకు కూడా చెప్పమనండి, వీడియో తీసి గ్రూపులో పెడదాం అన్నారు. సార్ తల అడ్డంగా ఊపారు.

“కూర్చున్నందుకు చెప్పను. చెప్తే కూర్చోనట్టే లెక్క. నాటకం పడిపోతుంది.”

మొండితనం అన్నారు, మూఢనమ్మకం అన్నారు. ఆయన ఆ మాట అన్నది మన నాటకం కోసం. మీ నాటకం కోసం, అంకుల్. తనకి వచ్చిన పద్ధతిలో దానికి దిష్టి తీశాడు ఆయన. తన పేరు పోతుందని తెలిసి కూడా దాన్ని వెనక్కి తీసుకోలేదు. మీ బాధ అబద్ధమని నేను అనట్లేదు. మా నాన్న ఫోటో మీద ఎవరైనా కూర్చుంటే నేను పుస్తకం కాదు, కుర్చీ విసిరేదాన్ని. కానీ బాధ వేరు, పోస్టర్ వేరు. కోపం వస్తే మొహం మీద తిట్టి పంపాలి. శాలువా కప్పి, దండ వేసి, కెరీర్ ముగిసిందని డాక్టర్ గారితో చెప్పించి పంపడం నాకు నచ్చలేదు. మా వేర్‌హౌస్‌లో మనిషిని తీసేసేటప్పుడు కనీసం పిజ్జా పెట్టి పండగ చేయరు.

(చీటీ అందింది. రెండు నిమిషాలట. సరే.)

ఇక మేం ఏం అనుకున్నామో చెప్పి ముగిస్తాను. కొత్త పోస్టర్ వచ్చిన రోజు తెర వెనకాల వాళ్ళం అందరం కూర్చున్నాం. లైట్లు నేను, సెట్లు శ్రీహర్ష వాళ్ళు, బట్టలు ధనమ్మ ఆంటీ. అందరం మానేద్దాం అనుకున్నాం. నాటకం ఎలా ఆడతారో చూద్దాం అనుకున్నాం. ఆ మాట సార్‌కి చెప్పడానికి నేనే వెళ్ళాను. సంతోషిస్తారనుకున్నాను.

వంటింట్లో ఉడకబెట్టిన బంగాళాదుంపలకి తొక్క తీస్తున్నారు. విని చాకు కింద పెట్టారు. నేను ఆయన్ని చాలాసార్లు అరవడం చూశాను, కోపంగా చూడటం అదే మొదటిసారి. నేను ముప్ఫై ఏళ్ళు చచ్చిపోయినవాళ్ళ ప్రదర్శనలు నిలబెట్టాను, కంపెనీతో గొడవపడి వెళ్ళిపోయినవాళ్ళవి నిలబెట్టాను, నన్ను కుక్కలా చూసినవాళ్ళవి కూడా ఒక్క అడుగు తేడా రాకుండా నిలబెట్టాను, ఇప్పుడు నాది ఒకటుంటే నువ్వు దాన్ని వదిలేసి వెళ్ళిపోతావా అన్నారు. మరి మీ పేరు లేదు కదా సార్ అన్నాను.

“ప్రదర్శనకి పోస్టర్ చదవడం రాదు.”

ఇది పిరికితనం అని మొహం మీదే అన్నాను. కావచ్చు, కూర్చో అన్నారు. బంగాళాదుంపల్ని టేబుల్ మీద పెట్టారు, ఇది కాపలావాడు, ఇది రాజు, ఈ ఉప్పు డబ్బా గుమ్మం, మొదటి నుంచి చెప్పు అన్నారు. చెప్పాను. తప్పు చెప్పిన చోటల్లా దుంపని వెనక్కి జరిపి మళ్ళీ చెప్పించారు. రాజు కిరీటం తీసే చోట నేను ఎప్పుడూ తొందరపడతానట, కాపలావాడి కాలు ఇంకా కదలకముందే చీకటి చేస్తానట. రెండో అంకం అయ్యేసరికి కూతురు పని నుంచి వచ్చి, రాజుని తినేసింది. (నవ్వులు) చివరిదాకా అయ్యాక, ఇప్పుడు ఇది నీ దగ్గర ఉంది, నేను టికెట్ కొనుక్కుని వస్తాను అన్నారు.

కాబట్టి మేం మానట్లేదు. నాటకం ఆడుతుంది, సార్ పెట్టినట్టే ఆడుతుంది. పోస్టర్ మీద పేరు మార్చుకోవచ్చు అంకుల్, అది మీ కంప్యూటర్‌లో ఉంది. ఎవరు ఎక్కడ ఆగాలో అది దామోదర్ అంకుల్ కాళ్ళలో ఉంది, దాన్ని మార్చడం మీ వల్ల కాదు, దామోదర్ అంకుల్ వల్ల కూడా కాదు. ఆయన పేరు మళ్ళీ వేయమని నేను అడగట్లేదు. అడగొద్దని ఆయన చెప్పారు. ఆయన చెప్పింది నేను వింటాను, నాకు నచ్చకపోయినా.

ఒక్కటి మాత్రం ఆయనకి చెప్పలేదు. తెలుగు రాదు కాబట్టి ఇప్పుడు ఆయన ముందే మీకు చెప్తున్నాను. ఒపెరాలో ఒక ఆచారం ఉందట. కొత్త ప్రదర్శన మొదటి రోజు, చివర్లో పాడేవాళ్ళంతా దండం పెట్టాక, దర్శకుణ్ణి స్టేజీ మీదికి చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. మొదటి రోజు ఒక్కటే. మళ్ళీ నిలబెట్టేవాణ్ణి ఎవరూ పిలవరు, అతను అప్పటికే ట్రెయిన్ కోసం నడుస్తూ ఉంటాడు. సార్ ఆ వెలుగులోకి ఈ దేశంలో ఎప్పుడూ రాలేదు. మూడు వారాల తర్వాత, నాటకం అయ్యాక, దర్శకుడిగా మీరు స్టేజీ మీదికి రండి అంకుల్, రావద్దని నేను అనను, ఆ పద్యాలు మీవి, మీకు కూడా చప్పట్లు కొట్టాలి, నేనూ కొడతాను. కానీ దర్శకుడి లైటు ఒకటి ఉంటుంది, దాని మీట నా చేతి కింద ఉంటుంది, అది ఎవరి మీద పడాలో ఏ పోస్టర్‌నీ అడగను. నన్ను ఇప్పుడే తీసేయాలంటే తీసేయండి. దాచి చేయడం నాకు రాదు, అందుకే మైకులో చెప్తున్నాను.

ఓపిగ్గా విన్న పెద్దలకి, ఆపకుండా వదిలేసిన అనౌన్సర్ గారికి, మన కోసం శనివారాలు తాళాలు తీసే ఈ స్కూలు జానిటర్‌కి, తెర వెనక వాళ్ళకి కృతజ్ఞతలు. సార్, మీకు కృతజ్ఞతలు చెప్పను, మీకు పనికిరావు.

ఆయన టికెట్ నేనే కొన్నాను. వెనక నుంచి మూడో వరస, అంచు సీటు. నిన్న ఖాళీ సీటు మీద లైటు వేసి చూశాను. అందుతుంది.

సెలవు.